నీటి శుద్ధికి నానో సెల్యులోజు

సిద్దిపేట విద్యార్థులకు పత్తిని పరిచయం చేయనక్కరలేదు. చేలో కాయగా, మగ్గంపై గొల్లభామ చీరగా దానిని మనం ఎరుగుదుము. దూదిలో నూటికి తొంబదిపాళ్లకు మించి సెల్యులోజే. 1838లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాయెన్ మొక్కలనుండి వేరుచేసి గుర్తించిన పదార్థమిది. ఇట్టి సామాన్య పదార్థం నీటిలోని విషాలను పట్టగలదా అనునదే ఈ వ్యాసవిషయం.

2016లో సిద్దిపేట వేరు జిల్లా అయ్యేవరకు పటాన్‌చెరువూ మనమూ మెదక్ జిల్లావారమే. అచ్చటి మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుండి వెలువడిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడినది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో సైతం అంత ఉండదు. గమనించండి, ఇది శుద్ధి జరిగిన తరువాతి నీరు! మామూలు శుద్ధిలో మలినాన్ని తినేవి సూక్ష్మజీవులు. ఈ మందు వానినే చంపునది. చావక మిగిలినవి మందుకు లొంగని రకాలుగా వృద్ధి చెందుతాయి.

కావున మందు అణువులను పట్టి నిలుపు పదార్థం కావలెను. పత్తి పోగు మందం సుమారు 15 మైక్రోమీటర్లు. దానిని 5 నానోమీటర్ల తంతువులుగా చీల్చినచో సన్నదనం మూడువేల రెట్లు. బరువు మారకుండానే ఉపరితలమూ ఇంచుమించు అన్ని రెట్లు పెరుగుతుంది. జపానులో ఇసోగాయ్ బృందం కనుగొన్న ఆక్సీకరణ పద్ధతిలో తంతువులపై కార్బాక్సిల్ సమూహాలు ఏర్పడి, ఋణావేశంతో ఒకదానినొకటి తోసికొని విడివడుతాయి. ఈ తంతువులు కలిసిన నీటిని గడ్డకట్టించి, శూన్యంలో ఆ మంచును నేరుగా ఆవిరి చేస్తే, మంచుపలుకులున్న చోటెల్లా రంధ్రాలు మిగులుతాయి. చేతికి దొరికేది నూటికి తొంబదికి పైగా గాలియే గల తేలికైన స్పంజి. ధనావేశం గల మందు అణువులు, రంగులు, సీసము వంటి లోహ అయానులు దాని గోడలకు అంటుకొంటాయి. దీనినే అధిశోషణం అంటారు.

అయితే ఫ్లోరైడు మాట వేరు. అది ఋణ అయాను గనుక ఈ స్పంజి దానిని తోసివేస్తుంది. నల్లగొండ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో పటిక, సున్నము వాడుటలోని కిటుకు అల్యూమినియమే. స్పంజికి సైతం అట్టి లోహాన్ని అద్దవలసినదే.

ప్రయోగశాలలోని శుద్ధజలం వేరు, ఫ్యాక్టరీ నీరు వేరు. అందలి లవణాలు అవే స్థానాలకై మందుతో పోటీపడతాయి. మరొక చిక్కు, నా దృష్టిలో పెద్దది, నిండిన స్పంజిని ఏమి చేయుట? ఆమ్లంతో కడిగితే స్పంజి మరల పనికివస్తుంది, కాని మందు ఆ కడుగునీటిలోనికి దిగుతుంది. ఆ కొద్ది నీటినైనా తీవ్రమైన వేడిలో దహించక వాగులో వదిలితే, పట్టిన మందు తిరిగి వాగులోనికే చేరుతుంది.