శరీరమందలి దిక్కులు

“కుడివైపు నొప్పి” అని రోగి చెప్పినపుడు, ఎదురుగా కూర్చున్నవానికి ఆ భాగము తన ఎడమచేతి వైపున కనబడును. ఈ చిన్న తికమక వలన నొప్పి ఎచ్చటిదో పొరపడి, తగని చికిత్స చేయు ప్రమాదము కలదు. అందుచేత శరీర రచనను నేర్వగోరువారు ముందుగా శరీరమందలి దిక్కులను తెలిసికొనవలెను.

సంస్కృతమున ‘దక్షిణ’ శబ్దమునకు కుడివైపు అనియు, దక్షిణ దిక్కు అనియు రెండర్థములు కలవు. తూర్పు ముఖముగా నిలిచినవాని కుడిచేయి దక్షిణమున ఉండుటయే ఇందుకు కారణము. అయితే ఇంటి దిక్కులు కదలవు. శరీరపు దిక్కులు శరీరముతో కూడ తిరుగును. రోగి ఎటు తిరిగినను, పండుకొనినను, అతని కుడి కుడియే, తల ఊర్ధ్వభాగమే.

ఇందుకై శాస్త్రజ్ఞులు ఒక ప్రమాణస్థితిని ఏర్పరచిరి. మనిషి నిటారుగా నిలిచి, ఎదురుగా చూచుచు, చేతులను ప్రక్కలకు విడిచి, అరచేతులను ముందునకు త్రిప్పి ఉన్నట్లు భావింపవలెను. రోగి ఏ భంగిమలో ఉన్నను ఈ స్థితిని బట్టియే దిక్కులను చెప్పుదురు.

ముఖ్యమైన పదములు ఇవి:

1. ఊర్ధ్వము, అధస్సు (సుపీరియర్, ఇన్ఫీరియర్): పైన, క్రింద. ముక్కు నోటికి ఊర్ధ్వమున, నుదుటికి అధస్సున ఉండును.

2. పురోభాగము, పృష్ఠభాగము (యాంటీరియర్, పోస్టీరియర్): ముందు, వెనుక. రొమ్ముటెముక గుండెకు ముందు, వెన్నెముక వెనుక ఉండును.

3. మధ్యము, పార్శ్వము (మీడియల్, లేటరల్): శరీరపు నడిరేఖకు దగ్గర, దూరము. ప్రమాణస్థితిలో చిటికెనవ్రేలు మధ్యమువైపున, బొటనవ్రేలు పార్శ్వమున ఉండును.

4. సమీపము, దూరము (ప్రాక్సిమల్, డిస్టల్): కాలుసేతులు మొండెముతో కలియు చోటును బట్టి చెప్పునవి. మోచేయి మణికట్టు కంటె సమీపము, భుజము కంటె దూరము.

5. ఉత్తానము, గంభీరము: పైపొర, లోతు. చర్మము ఉత్తానము, ఎముక గంభీరము. వాతరక్తమును చరకుడు ఈ పేర్లతోనే రెండు విధములుగా విభజించెను.

పై ఉదాహరణములను బట్టి, “దేనికి?” అను ప్రశ్న లేనిదే ఏ దిక్కును చెప్పలేమని తెలియుచున్నది. సుశ్రుతుడును శారీరస్థానమున హృదయమును ఆధారముగా గొని, దానికి దిగువను ఎడమవైపున ప్లీహమును, కుడివైపున యకృత్తును చెప్పెను. నాభి నుండి వెడలు 24 ధమనులలో 10 ఊర్ధ్వముగా, 10 అధోముఖముగా, 4 అడ్డముగా పోవునని విభజించెను.

ఈ జ్ఞానము గృహవైద్యమునకును అవసరము. జనులు ‘24 గంటల కడుపునొప్పి’ అని చెప్పుకొను అపెండిసైటిస్‌లో నొప్పి తరచుగా నాభి చుట్టును మొదలై, కొన్ని గంటలలో పొత్తికడుపు కుడివైపునకు దిగును. వాంతి, జ్వరము తోడు కావచ్చును. అట్టివారికి అజీర్ణమని తలచి ఆముదము గాని, ఇతర విరేచనౌషధము గాని ఈయరాదు, కాపడము పెట్టరాదు. వెంటనే శస్త్రచికిత్స సౌకర్యము గల ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

కనుక వైద్యునితో “కడుపులో నొప్పి” అని ఊరకొనక, “నాభికి దిగువను, నా కుడివైపున, నడిరేఖకు నాలుగు వ్రేళ్ల వెడల్పు దూరమున” అని చెప్పుట అలవరచుకొనుడు. సరియైన చోటు తెలిసిననే సరియైన చికిత్సకు దారి ఏర్పడును.