అమ్మమ్మ లేసు, మాషీ కాంథా



బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్ళలో మొదట వినిపించేది అట్టపెట్టెల చప్పుడు. మీలో చాలామందికి అది అలవాటే, మాకూ అలవాటే. సంత్రాగాఛికి రాకముందు మేము నాలుగు ఊళ్ళు మారాం. ప్రతిసారీ మంచాలు, బీరువా, గిన్నెలు లారీ ఎక్కేవి. ఒక్క వస్తువు మాత్రం చేతిసంచిలో మాతోపాటు రైలెక్కేది. అది మా అమ్మమ్మగారు అల్లిన తెల్లని లేసు గుడ్డ. ఏ క్వార్టర్‌కు వెళ్ళినా ముందు అది టీవీ మీదికి చేరేది. అప్పుడే అది మా ఇల్లు అనిపించేది.

ఈసారి తొందరలో దాన్ని ట్రంకుపెట్టెలో పడేశాం. ఇక్కడికి వచ్చి మూత తెరిస్తే, లేసు అంచు మడతబందులో ఇరుక్కుని రెండు పువ్వులు తెగిపోయి ఉన్నాయి. మరొకటి కొనుక్కుందామంటే, దాన్ని అల్లిన చేతులు ఇప్పుడు లేవు. ఆ గుడ్డ కథే ఈ నెల మన పాఠం.

ఒక సూది, ఒక దారం

లేసు అల్లికనే క్రోషే అంటాం. ఊలు స్వెట్టరును సాధారణంగా రెండు సూదులతో అల్లుతారు. క్రోషేకు కొస కొక్కెంలా వంగిన ఒకే సూది చాలు. సూదితో దారాన్ని ఒక ఉచ్చులోంచి లాగితే ఇంకో ఉచ్చు వస్తుంది. గొలుసు, పువ్వు, ఆకు, వల అన్నీ ఈ ఒక్క పనితోనే తయారవుతాయి. యంత్రాలు స్వెట్టర్లు అల్లగలవు. కానీ అసలైన క్రోషే మాత్రం నేటికీ చేతిపనే.

ఈ అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చింది. ఆ శతాబ్దంలోనే ఐర్లండులో 1845లో మొదలైన పెద్ద కరవులో ఎన్నో కుటుంబాలను క్రోషే లేసు ఆదుకుంది. మన దగ్గర వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం, దాని చుట్టుపక్కల పల్లెలు ఈ పనికి పేరుపొందాయి. అక్కడ తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకున్నారు. బల్లగుడ్డలు, దిండు గలీబులు, దుప్పట్ల అంచులు నరసాపురం నుంచి ఓడలెక్కి విదేశాలకు వెళ్ళాయి.

మా అమ్మమ్మగారిది ఆ ప్రాంతమే. వంట ముగిశాక అరుగు మీద కూర్చుని, వెలుతురు ఉన్నంతసేపూ అల్లేవారట. ఆ పనిలో వాటాలున్నాయి. ఒకరు పువ్వులు అల్లితే అది చేతిపని. ఆ పువ్వులను ఇంకొకరు కలిపితే అది అతుకుపని. మధ్యవర్తి వచ్చి దారం ఇచ్చేవాడు, తయారైన లేసు పట్టుకుపోయేవాడు. అమ్మమ్మగారు ఎన్ని వందల పువ్వులు అల్లారో లెక్క లేదు. ఇంటికి మిగిలింది ఈ ఒక్క గుడ్డే. అదీ మిగిలిపోయిన దారం ముక్కలు దాచిపెట్టి, మా అమ్మగారి పెళ్ళికి అల్లింది.

‘ఖాళీ సమయం’ ఎవరిది?

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి, ఈ స్త్రీలతో మాట్లాడి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆవిడ గమనించిన ముఖ్య విషయం ఒకటి ఉంది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే స్త్రీలను కూడా అందరూ గృహిణులనే అనేవారు. వాళ్ళది ఖాళీ సమయంలో చేసే పని అనేవారు. పని అని ఒప్పుకోకపోతే కూలి తగ్గించడం సులువు. లేసు దేశాలు దాటింది. అల్లినవారి చేతికి మాత్రం చాలా తక్కువ వచ్చింది.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ లభించింది. ఆ పేరు పెట్టి వేరేచోట తయారైన సరుకు అమ్మకూడదన్నమాట. ఇది సంతోషించదగ్గ విషయం. అయితే అల్లిన చేతికి సరైన కూలి అందితేనే ఆ గుర్తింపు నిండుగా ఉంటుంది.

గోడ అవతలి బొంత

మా పిల్లలు ‘మాషీ’ అని పిలిచే పక్క క్వార్టర్ ఆవిడ ఒకరోజు మా ఇంటికి వచ్చి తెగిన లేసు చూశారు. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి ఒక పాత కాంథా తెచ్చి చూపించారు. అది ఆవిడ నాయనమ్మగారు కుట్టిందట. మెత్తబడిన పాత చీరలను పొరలు పొరలుగా పరిచి, సూదిని పైకీ కిందికీ పోనిస్తూ కుట్టేది కాంథా. మధ్యలో తామరపువ్వు, చుట్టూ చేపలు, పక్షులు. పూర్వం కుట్టడానికి దారం కూడా పాత చీర అంచుల నుంచే లాగేవారు. పుట్టిన బిడ్డను పడుకోబెట్టడానికి, కావలసినవారికి కానుకగా ఇవ్వడానికి బెంగాల్ స్త్రీలు వీటిని కుట్టేవారు. బెంగాల్ నక్షీ కాంథాకు కూడా జీఐ గుర్తింపు ఉంది.

ఆలోచించండి, ఇది మనకు కొత్తదా? మన నాయనమ్మలు పాత చీరలతో కుట్టే బొంత ఇదే కదా! సంస్కృతంలో ‘కంథ’ అంటే బొంతే. పేరు మారింది, బొమ్మలు మారాయి. పాత చీరను పారేయకుండా పసిబిడ్డకు పక్కగా మార్చే ఆలోచన మాత్రం ఒక్కటే.

మాషీ కాంథాకు ఒక మూల అతుకు ఉంది. “చిరిగితే కుట్టుకున్నాం, ఇంకేం చేస్తాం?” అన్నారావిడ. ఆ రాత్రే మా అమ్మగారికి వీడియో కాల్ చేశాం. ఆవిడ అక్కడ అల్లుతూ చూపిస్తుంటే ఇక్కడ మేము అల్లాం. మూడుసార్లు విప్పాం. నాలుగోసారి పువ్వు నిలిచింది. సంత్రాగాఛి బజారులో కొన్న దారం తెల్లగా మెరుస్తోంది, పాత లేసు మీగడ రంగుకు తిరిగింది. ఆ రెండు పువ్వులు వేరుగా కనిపిస్తూనే ఉంటాయి. కనిపించనివ్వండి. ఒక పువ్వు అల్లడానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది. అమ్మమ్మగారి పని విలువ మాకు అప్పుడు తెలిసింది.

పదాలు తెలుసుకుందాం

అల్లు: బుట్ట అల్లుతాం, జడ అల్లుతాం, కథ అల్లుతాం. తీగ పందిరికి అల్లుకుంటుంది.
కుట్టు: బట్ట కుడతాం. చీమ కూడా కుడుతుంది!
నేయు: మగ్గం మీద బట్ట నేస్తారు. నేసేవారు నేతగాళ్ళు.
పేను: నారతో తాడు పేనుతారు.
గంతకు తగ్గ బొంత: ఒకరికొకరు సరిగ్గా సరిపోయారని చెప్పే సామెత.

చేసి చూద్దాం: స్నేహితునికి చేతి గొలుసు

దీనికి సూది అక్కరలేదు. లావుపాటి ఊలు దారం రెండు మీటర్లు తీసుకోండి.

1. దారం ఒక చివర జారుముడి వేసి, రెండు వేళ్ళు పట్టేంత ఉచ్చు ఉంచండి.
2. ఆ ఉచ్చులోంచి రెండు వేళ్ళు పోనిచ్చి, పొడవుగా ఉన్న దారాన్ని పట్టి ఇవతలికి లాగండి. కొత్త ఉచ్చు వస్తుంది. పాతదాన్ని కొద్దిగా బిగించండి.
3. మణికట్టుకు రెండు చుట్లు వచ్చేవరకు ఇలాగే చేయండి.
4. చివరగా దారం కొసను ఆఖరి ఉచ్చులోంచి పూర్తిగా లాగి బిగించండి. ఇది మరిచిపోతే, కొస లాగగానే గొలుసంతా విడిపోతుంది.

చలికాలంలో సంత్రాగాఛి ఝీల్‌కు వచ్చే పక్షుల్లా మన తరగతిలోనూ ఏటా కొందరు వస్తారు, కొందరు వెళతారు. ఈసారి ఎవరైనా వెళుతుంటే దుకాణానికి పరుగెత్తకండి. ఒక సాయంత్రం కూర్చుని గొలుసు అల్లి ఇవ్వండి. అలాగే సంతలో ఎవరైనా చేత్తో అల్లిన వస్తువు అమ్ముతుంటే, బేరం చేసే ముందు దానికి ఎన్ని సాయంత్రాలు పట్టాయో అడగండి.

ఆలోచించి రాయండి

1. చేతిపని, అతుకుపని అంటే ఏమిటి?
2. కాంథాకు, మన బొంతకు ఉన్న పోలికలు రాయండి.
3. ‘ఖాళీ సమయంలో చేసే పని’ అనడం వల్ల లేసు అల్లే స్త్రీలకు జరిగిన నష్టం ఏమిటి?
4. మీ ఇంట్లో చేత్తో చేసిన పాత వస్తువు ఏదైనా ఉందా? ఎవరు, ఎవరి కోసం చేశారో పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి. దూరంలో ఉంటే ఫోన్ చేసి అడగండి.