వక్రరేఖ: గణితము, దిద్దుబాటు

సరళరేఖను గీయుటకు రెండు బిందువులు చాలును. మరి వక్రరేఖకు ఎన్ని కావలెను? ఇంక్‌స్కేప్, ఇల్లస్ట్రేటర్ వంటి వెక్టర్ చిత్రలేఖన సాధనములు ఈ ప్రశ్నకు ఇచ్చు సమాధానము నాలుగు. ఆ నాలుగింటి స్వభావమును వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ పద్ధతి పుట్టినది చిత్రశాలలో కాదు, ఫ్రాన్సు దేశపు కార్ల కర్మాగారములలో. కారు పైరేకు వంపును అంకెలలో చెప్పుట ఎట్లు అనునది వారి సమస్య. సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్టెల్జో 1959లో పరిష్కారము కనుగొనెను. సంస్థ దానిని రహస్యముగా ఉంచినది. రెనో సంస్థ ఇంజనీరు పియేర్ బెజియే 1960 దశకములో తన పద్ధతిని స్వతంత్రముగా ప్రకటించుటచే ఈ రేఖకు ఆయన పేరే స్థిరపడినది. 1984లో అడోబీ సంస్థ వెలువరించిన పోస్ట్‌స్క్రిప్ట్ ద్వారా ఇది అచ్చుపనిలో వ్యాపించినది.

నాలుగు బిందువులలో మొదటిది, చివరిది రేఖపైనే ఉండును. వీనిని నోడ్‌లందురు. నడిమి రెండును సాధారణముగా రేఖకు వెలుపల నుండి దానిని తమవైపు లాగును. వీనిని హ్యాండిళ్ళందురు. హ్యాండిల్ దిశ రేఖ బయలుదేరు దిక్కును, దాని పొడవు ఆకర్షణ బలమును నిర్ణయించును.

గ్రాఫు కాగితముపై (0,0), (0,8), (8,8), (8,0) బిందువులను వరుసగా కలుపుడు. మూడు గీతల మధ్యబిందువులు (0,4), (4,8), (8,4). వీనిని కలిపిన రెండు గీతల మధ్యబిందువులు (2,6), (6,6). ఆ రెండింటి మధ్యబిందువు (4,6). ఇదియే వక్రరేఖ శిఖరము. హ్యాండిళ్ళు 8 ఎత్తున నున్నను రేఖ 6 వద్దనే ఆగినదని గమనింపుడు. ఈ బిందువు రేఖను రెండు చిన్న బెజియే రేఖలుగా విభజించును. కావుననే కొత్త నోడ్ చేర్చినపుడు ఆకారము మారదు. ఉన్న నోడ్‌ను తొలగించినపుడు మాత్రము మిగిలిన వానితో రేఖను మరల కూర్చవలెను గనుక ఆకారము సాధారణముగా మారిపోవును.

ఇక దిద్దుబాటు. తెలుగు సున్నను గీయుటకు నాలుగు నోడ్‌లు చాలును: పైన, క్రింద, కుడి, ఎడమ అంచులలో ఒక్కొక్కటి. హ్యాండిళ్ళు నిలువుగానో అడ్డముగానో ఉండవలెను. వ్యాసార్ధము 100 అయినచో హ్యాండిల్ పొడవు 55.23 ఉండవలెను. ఇది శుద్ధ వృత్తము కాదు. అయినను లోపము పదివేలలో మూడు పాళ్ళకు మించదు. వంపు సాగిపోవు చోట రెండు హ్యాండిళ్ళును ఒకే సరళరేఖపై ఉండవలెను. తలకట్టు కొనవలె విరిగిన చోట అవి వేరు వేరు దిక్కులకు తిరుగవలెను.

ఉర్దూ నస్తాలీఖు లిపిలో పని ఇంకను సున్నితమైనది. ఏటవాలుగా కోసిన కలము నడకలో గీత లావు మారుచుండును. అందుచే నూన్ అక్షరపు గిన్నెవంటి వంపునకు లోపలి అంచును, వెలుపలి అంచును వేర్వేరు వక్రరేఖలుగా గీయవలెను.

చేతివ్రాతను స్కాన్ చేసి యంత్రముచేతనే గీయించినచో నోడ్‌లు తరచుగా అవసరమునకు మించి పుట్టును. అట్టి అక్షరమును పెద్దది చేసినపుడు అంచులు వణకును. దిద్దబోయినచో ఒకటి సరియగుసరికి పది చెడును. తక్కువ నోడ్‌లతో గీసిన రేఖయే నునుపైనది, దిద్దుటకు లొంగునది.

నేడు మన రెండు భాషల అక్షరములును కంప్యూటరులో ఈ రేఖలతోనే నిలిచియున్నవి. సున్న ఎంత గుండ్రముగా ఉండవలెనో, నూన్ ఎంత లోతుగా వంగవలెనో ఆ లిపిని చదివి వ్రాయు వారికే తెలియును. వారు ఈ విద్యను నేర్వనిచో ఆ నిర్ణయము లిపి నెరుగని వారి చేతికి పోవును. విద్యార్థులారా, ఇంక్‌స్కేప్ ఉచితముగా లభించును. మొదట కాగితముపై పై లెక్కను చేయుడు. పిదప తెరపై మీ పేరులోని ఒక్క అక్షరమును సాధ్యమైనన్ని తక్కువ నోడ్‌లతో గీయుడు.