ముంగిటికి వచ్చు పాఠము

విద్య గురుముఖమున నేర్వవలె నని మన పూర్వుల మతము. కాని గురుని చెంతకు చేరు భాగ్యము అందరికిని లభింపదు. ఏకలవ్యుని కథ ఎరుగనివారు అరుదు. ద్రోణుడు శిష్యునిగా గ్రహింపకపోగా, అతడు అడవిలో గురుని మట్టిబొమ్మను ఎదుట నిలుపుకొని విలువిద్య నేర్చెను. అతని పట్టుదల కొనియాడదగినది. అయినను ఆ బొమ్మ పలుకదు, కొత్త పాఠము చెప్పదు, తప్పు దిద్దదు. తోడి విద్యార్థి ఒక్కడైనను అతనికి లేడు. దూరమున నుండి చదువుకొను వారికి నేటికిని ఈ రెండు కొరతలే ఎదురగుచున్నవి. గురుని మాట వేళకు అందకుండుట ఒకటి. తోడు లేకుండుట రెండవది.

ఈ కొరతలను తీర్చుటకు కాలమునకు తగిన సాధనములను మనుష్యులు వెదకుచునే యున్నారు. 1840లో ఇంగ్లండునందు ఒక్క పెన్నీకే ఉత్తరమును దేశమున ఎచ్చటికైనను చేర్చు తపాలా పద్ధతి ఏర్పడెను. ఐజక్ పిట్మన్ అను నాతడు దానిని ఆసరా చేసికొని సంక్షిప్తలిపిని తపాలా మూలమున బోధించెను. శిష్యులు తాము వ్రాసినది పంపగా, అతడు తప్పులు దిద్ది తిరిగి పంపుచుండెను. 1971 నుండి బ్రిటనునందలి ఓపెన్ యూనివర్సిటీ అచ్చుపాఠములకు తోడుగా రేడియో, టెలివిజనులను కూడ వినియోగించెను. మన దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున వెలసెను. 1991 నుండి అది డాక్టరు అంబేద్కరు పేరున వర్ధిల్లుచున్నది.

పిమ్మట అంతర్జాలము వచ్చెను. పాఠము వ్రాసిన క్షణముననే అది లోకమంతటికిని కనబడు కాలము వచ్చెను. అయినను ఒక చిక్కు మిగిలినది. పగలెల్ల దుకాణమున పనిచేసి రాత్రి చదువుకొను ఒక యువకుని తలచుకొనుడు. అతని ఉపాధ్యాయులు అయిదుగురు. అయిదుగురికి అయిదు వెబ్‌సైట్లు. ఒకరు సోమవారము పాఠము ఉంచుదురు. మరియొకరు గురువారము పాతపాఠమున తప్పును సవరింతురు. వేరొకరు పరీక్ష తేదీ మార్చి ఏ మూలనో ప్రకటింతురు. క్రొత్తది వచ్చినదో లేదో తెలియుటకు ఆ యువకుడు ప్రతిరాత్రి అయిదు గడపలును త్రొక్కవలెను. పొరుగూరి తపాలా కచేరికి దినదినము నడచిపోయి, ఉత్తరమేమైన వచ్చినదా అని అడిగి వట్టిచేతులతో మరలు రైతు శ్రమ వంటిది ఇది. ఒక్కనాడు అలసి మానుకొన్నచో, సరిగా ఆనాడే పరీక్ష తేదీ మారవచ్చును.

ఈ శ్రమను తీర్చునది ఫీడు. అది ఒక చిన్న పట్టిక వంటి ఫైలు. వెబ్‌సైటున క్రొత్త పాఠము చేరినప్పుడెల్ల దాని పేరు, తేదీ, అది యున్న చిరునామా, కొలదిపాటి సారాంశము ఆ పట్టికలో తమంత తామే చేరును. ఫీడ్ రీడరు అను సాధనము చదువరి పక్షమున పనిచేయును. చదువరి తనకు కావలసిన ఫీడుల చిరునామాలను దానికి ఒక్కసారి ఒప్పగించిన చాలును. అది కొంతకాలమున కొకసారి ఆ పట్టికలను చూచి, క్రొత్తగా చేరిన వానిని మాత్రము తెచ్చి ఒక్కచోట పేర్చును. పైని చెప్పిన యువకుడు ఇక అయిదు గడపలు త్రొక్కనక్కరలేదు. తపాలా బంట్రోతు ఉత్తరములను ముంగిటికి తెచ్చినట్లు పాఠములే అతని యొద్దకు వచ్చును. అక్కరలేని ఫీడును అతడు ఎప్పుడైనను మానుకొనవచ్చును. ఏది రావలెనో, ఏది రాకూడదో నిర్ణయించువాడు చదువరియే గాని అన్యుడు కాడు.

ఈ సాధనము పుట్టుక కూడ ఎరుగదగినది. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి అమెరికాకు పోయిన రామనాథన్ గుహ, అతని సహచరుడు డాన్ లిబ్బీ కలిసి 1999లో నెట్‌స్కేప్ సంస్థయందు దీని తొలి రూపమును తయారుచేసిరి. ఆర్.ఎస్.ఎస్. అను మూడక్షరముల పేరుతో అది వ్యాపించినది. మరుసటి సంవత్సరము దానిని సంస్కరించుటకు కొందరు నిపుణులు పూనుకొనిరి. వారు వేర్వేరు ఊళ్లవారు. ఉత్తర ప్రత్యుత్తరములన్నియు కంప్యూటరు మూలముననే సాగినవి. ఆ బృందమున ఆరన్ స్వార్ట్జ్ అనువాడు చురుకుగా పనిచేయుచుండెను. ముఖాముఖి సమావేశమునకు రమ్మని సహచరులు పిలువగా, తన తల్లి పంపకపోవచ్చు నని అతడు బదులు చెప్పెను. అతనికి అప్పుడే పదునాలుగేండ్లు నిండినవి! దూరము అతని ముఖమును, వయస్సును మరుగుపరచెను గాని అతని పనిని మరుగుపరచలేదు. 2000 డిసెంబరులో వెలువడిన ఆర్.ఎస్.ఎస్. 1.0 కర్తలలో ఆ బాలుని పేరును ఉన్నది.

దూరవిద్యలో ఫీడు ఎంత పని చేయగలదో 2008లో కెనడాయందు తెలియవచ్చెను. మానిటోబా విశ్వవిద్యాలయము పక్షమున జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ అను ఇరువురు ఒక పాఠక్రమమును నడపిరి. అప్పుడు సీమెన్స్ పనిచేయుచుండిన విన్నిపెగ్ నగరమునకును, డౌన్స్ ఉండిన మాంక్టన్ పట్టణమునకును నడుమ రెండువేల కిలోమీటర్లకు మించిన దూరము గలదు. రుసుము చెల్లించి చేరిన విద్యార్థులు సుమారు 25 మందియే. రుసుము లేక చేరినవారు 2,200 మందికి పైగా ఉండిరి. వారందరు ఒక గదిలో కూర్చుండుట అసాధ్యము. కావున ప్రతివారును తాము నేర్చినదానిని తమ తమ వెబ్ పుటలలోనే వ్రాసికొనిరి. డౌన్స్ స్వయముగా రచించిన ఒక ప్రోగ్రాము ఆ పుటల ఫీడులను సేకరించెను. వానినుండి దినదినము ఒక లేఖ తయారై అందరికిని అందెను. ఆచార్యుని పాఠము మాత్రమే గాక, తోడి విద్యార్థుల సందేహములును, వాదములును ముంగిటికి వచ్చినవి. ఏకలవ్యునికి కొరవడిన తోడు ఈ విధముగా వీరికి దొరకెను.

ఆ వెల్లువలో దిక్కు తోచనివారును లేకపోలేదు. వందలమంది వ్రాసినది ఒక్కరు చదువగలరా? అన్నియు చదువనక్కరలేదనియు, తమకు తగినవానిని ఏరుకొనవలె ననియు గురువులు బోధించిరి. తరువాతి పాఠక్రమములలో డౌన్స్ విద్యార్థికి నాలుగు పనులు చెప్పెను. సేకరింపుము, సేకరించినవానిని ఒకదానితో ఒకటి కూర్చి చూడుము, దానినుండి నీదైనదొకటి నిర్మింపుము, దానిని పదుగురికి పంచుము. వీనిలో ఫీడ్ రీడరు చేయునది మొదటి పని మాత్రమే. మిగిలిన మూడును మనుష్యుడే చేయవలెను.

సాధనములు కూడ శాశ్వతములు కావు. 2005లో వెలువడి ఎందరికో అలవాటైన గూగుల్ రీడరును ఆ సంస్థ 2013 జూలై 1వ తేదీన మూసివేసెను. నిత్యము దానినే నమ్మికొన్నవారు కలవరపడిరి. కాని వారి చదువు ఆగలేదు. ఫీడు రూపము ఏ ఒక్క సంస్థ సొత్తును కాదు; ఎవరైనను దానిని వాడవచ్చును. కావున వారు తమ ఫీడుల పట్టికను ఒక చిన్న ఫైలుగా దింపుకొని వేరొక రీడరునకు తరలించుకొనిరి. ఇల్లు మారినవాడు తపాలా వారికి క్రొత్త చిరునామా తెలిపినట్లే ఈ పని జరిగెను. అందరిదైన మార్గమును నమ్మినవాడు ఒక తలుపు మూతపడినంతమాత్రమున నిలిచిపోడు.

దుకాణమున పనిచేయు యువకుని మరల తలచుకొందము. రాత్రి ఇంటికి వచ్చి అతడు రీడరు తెరచును. మూడు పాఠములు, ఒక సవరణ, తనవలెనే దూరమున చదువు మరియొకని సందేహము అందున్నవి. వెదకుటకు పోవలసిన గంట అతనికి చదువుటకు మిగిలినది. ఆ గంటను అతడు ఏమి చేయునో అది అతని చేతిలోనిది. బంట్రోతు ఉత్తరమును ముంగిటికి తేగలడు గాని చదివి పెట్టలేడు. తెరువని ఉత్తరములు ఎన్ని కూడినను అవి కాగితములే. తెరచి చదివి, ఆలోచించి, బదులు వ్రాసినప్పుడే అవి విద్య యగును.

ప్రశ్నలు

1. దూరవిద్య నభ్యసించు వారికి కలుగు రెండు కొరతలు ఎవ్వి?
2. ఫీడు పట్టికలో ఏయే వివరములు ఉండును? ఫీడ్ రీడరు వానిని ఏమి చేయును?
3. ఆరన్ స్వార్ట్జ్ వృత్తాంతము వలన మనము గ్రహింపవలసినది ఏమి?
4. గూగుల్ రీడరు మూతపడినను చదువరులకు నష్టము కలుగకుండుటకు కారణమేమి?