అప్పు అనే గడ్డపార

చేతులతో కదలని బండరాయి కిందికి రైతు గడ్డపార దోపి, పక్కన చిన్న రాయి ఆనించి, కొసన నొక్కుతాడు. బండ లేస్తుంది. భౌతికశాస్త్రంలో మేము చదివే తులాదండ సూత్రం ఇదే. డబ్బు విషయంలో ఆ గడ్డపార అప్పు. ఇంగ్లీషులో దీన్ని ‘లివరేజి’ అనడం కూడా అందుకే.

ఎకరం అమ్మి పట్నంలో అద్దెకిచ్చే ఇల్లు కొందాం, మిగతాది బ్యాంకు ఇస్తుంది అనే మాట మా ఊళ్ళో తరచు వినబడుతోంది. మా ఇంట్లోనూ వినబడింది. కనుక లెక్క చూద్దాం.

ఇల్లు 40 లక్షలనుకోండి. మనది 10, బ్యాంకుది 30. ధర 10 శాతం పెరిగితే 4 లక్షల లాభం. మనం పెట్టిన దానిమీద అది 40 శాతం. ఆ పెరిగిన విలువ చూపించి రెండో ఇంటికి, తర్వాత మూడో ఇంటికి అప్పు తెస్తారు. ఒక ఇల్లు నాలుగిళ్ళయ్యే కిటుకు ఇదే. కాని ధర 10 శాతం తగ్గితే పోయేది కూడా మన సొమ్ములో 40 శాతం. బ్యాంకు బాకీ మాత్రం పైసా తగ్గదు. అమెరికాలో 2006 తర్వాత ఇళ్ళ ధరలు పడిపోయినప్పుడు, లక్షల కుటుంబాలకు ఇంటి విలువ కన్నా దానిమీది అప్పే ఎక్కువైంది.

ఇక అద్దె సంగతి. నెలకు 12,000 వస్తే ఏడాదికి 1,44,000. వడ్డీ 8.5 శాతమైతే 30 లక్షలకు మొదటి ఏడు సుమారు 2,55,000. అసలు, ఇంటిపన్ను, మరమ్మతులు, ఇల్లు ఖాళీగా ఉండే నెలలు కలపకుండానే 1,11,000 లోటు. ఉద్యోగస్తుడు దాన్ని జీతంలోంచి పూడుస్తాడు. రైతు పంటలోంచి పూడ్చాలి. పంట వాననిబట్టి వస్తుంది, బ్యాంకు వాయిదా తేదీనిబట్టి వస్తుంది.

వడ్డీ కూడా ఒకచోట నిలవదు. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2020 మేలో 4 శాతం. 2023 ఫిబ్రవరికి 6.5. ఆ పెంపు అంతా మన అప్పుమీద పడితే 30 లక్షలకు ఏడాదికి 75,000 అదనం.

గడ్డపారకి ఆనించిన చిన్న రాయిలాంటిది అద్దె. ఖర్చులు పోను అది వడ్డీకి సరిపోతేనే అప్పుతో ఇళ్ళు పెంచుకోవచ్చు. సరిపోకపోతే ధర పెరుగుతుందన్న ఆశమీదే బరువంతా వేసినట్టు. కనీసం ఆరు నెలల వాయిదాలు చేతిలో లేనిదే రెండో ఇంటి జోలికి పోకపోవడం మంచిది.

మిత్రులారా! మనలో చాలామందిమి రైతుబిడ్డలం. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు, పొలం కాగితాలు పెట్టెలోంచి బయటికి రాకముందే, నాన్న పక్కన కూర్చుని ఈ లెక్క ఒక్కసారి వేసి చూపించండి.