భర్తకు హెపటైటిస్ బి: భార్య టీకా వేయించుకోవాలా?

ప్రశ్న: రక్తదానానికి వెళ్తే మా ఆయనకు హెపటైటిస్ బి ఉందన్నారు. నాకు 34 ఏళ్లు. ఈ టీకా పసిపిల్లలకే కదా? పసరు తాగితే పోతుందంటున్నారు. త్వరలో పనులకు బెంగళూరు వెళ్తున్నాం.
– ఒక సోదరి, కళ్యాణదుర్గం

జవాబు: అమ్మా, మీలాంటి పెద్దవాళ్లకూ ఈ టీకా తప్పనిసరి. ఈ వైరస్ రక్తం ద్వారా, లైంగిక కలయిక ద్వారా సోకుతుంది. ముందు మీరూ, పిల్లలుంటే వాళ్లూ రక్తపరీక్ష చేయించుకోండి. ఇప్పటికే సోకి ఉంటే టీకా పనిచేయదు. లేదని తేలితే మొదటి డోసు వెంటనే, రెండోది నెలకు, మూడోది ఆరో నెలలో భుజానికి వేస్తారు. వలస వెళ్లే ఇళ్లలో నా భయమంతా ఆ మూడోదాని గురించే. ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, బెంగళూరులోనైనా వేయించుకోవచ్చు. టీకా చీటీ మాత్రం భద్రం. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ స్వదేశీ టీకా తెచ్చాక ధర కూడా బాగా దిగింది.

చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీల పరీక్షలో 10 యూనిట్లు లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. అంతవరకూ కండోమ్ వాడండి. ఆయన రేజర్, టూత్‌బ్రష్ ఇంకెవరూ వాడొద్దు. కంచం మాత్రం వేరు చేయకండి, కలిసి తింటే ఇది రాదు. పసరుకు ఈ వైరస్ పోదు. ఆయన్ను అనంతపురం సర్వజనాసుపత్రిలో చూపించండి. కాలేయం పరీక్షలు చేసి, మందులు అవసరమో కాదో డాక్టర్లు చెబుతారు.