వంశపారంపర్య నాడీవ్యాధి – రక్తములోని ఆనవాళ్లు

కర్నూలు, కడప ప్రాంతములందు మేనరికపు పెండ్లిండ్లు నేటికిని జరుగుచున్నవి. ఆస్తి చెదరదనియు, పిల్ల కంటి యెదుటనే యుండుననియు పెద్దల తలంపు. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని వంశములో దాగియున్న లోపమేదైన నున్నచో, అది తల్లిదండ్రు లిరువురి నుండియు శిశువునకు వచ్చు అవకాశము మేనరికమున హెచ్చు. ఈ సంగతి పంచాయతీ సభ్యులు ఎరిగి యుండవలెను.

అట్లు సంక్రమించు అరుదైన వ్యాధులలో వెన్నెముక కండర క్షీణత యొకటి. మేనరికము లేని యిండ్లయందును ఇది రావచ్చును. వెన్నుపాములోని నాడీకణములు నశించి కండరములు బలహీనపడును. తీవ్రరూపమున శిశువు ఆరు నెలలు నిండినను మెడ నిలుపలేదు. తెలివి మాత్రము చక్కగా నుండును. దీనికి మూలమైన జన్యువును 1995లో ఫ్రాన్సు పరిశోధకులు కనుగొనిరి. ఆరోగ్యవంతులైన తల్లిదండ్రు లిరువురిలోను ఈ లోపము దాగియున్నచో, ప్రతి కాన్పునందును వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. ఇది దిష్టి కాదు, శాపము కాదు; తల్లి తప్పు అసలే కాదు.

పైరు వాడక మునుపే బావిలోని నీటిమట్టము రైతును హెచ్చరించును. అట్లే కాలుసేతులు చచ్చుబడక మునుపే నాడుల స్థితిని తెలుపు ఆనవాళ్ల కొరకు శాస్త్రజ్ఞులు కృషి చేయుచున్నారు. నాడీకణము చెడినపుడు అందలి న్యూరోఫిలమెంట్ అను పోగువంటి మాంసకృత్తు రక్తములోనికి వచ్చును. ఈ వ్యాధిగల పసిబిడ్డల రక్తమున అది హెచ్చుగా నుండుటయు, మందు పనిచేసినపుడు తగ్గుటయు గమనించిరి. రోగులు కొలదిమందియే యగుటచే మందు గుణమును తేల్చుట కష్టము. ఇట్టి ఆనవాలు ఆ పనిని సులభము చేయును. ఈ వ్యాధికి తొలి మందును 2016లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. నశించిన కణము తిరిగి రాదు గనుక, లక్షణములు కనబడక మునుపు ఇచ్చిన మందే మిక్కిలి మేలు చేయును. ఇట్టి మందులు మిక్కిలి ఖరీదైనవి.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు:

1. ఐదవ నెల వచ్చినను మెడ నిలుపని బిడ్డను, కాలుసేతులు ఆడింపని బిడ్డను వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. నాటుమందులతో కాలము గడుపరాదు.

2. ఇట్టి బిడ్డ పుట్టిన యింట మరల మేనరికము తలపెట్టినపుడును, మరుకాన్పుకు ముందును జన్యుపరీక్ష చేయించుకొనుమని చెప్పవలెను. 2021 నాటి కేంద్ర ప్రభుత్వ అరుదైన వ్యాధుల విధానమున, హైదరాబాదులోని డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రమును, నిజాం వైద్య విజ్ఞాన సంస్థను ఇందుకై గుర్తించిరి.

3. ఆ తల్లిని ఎవరును నిందింపకుండ చూడవలెను.

దాచిన వ్యాధికి మందు దొరకదు. గ్రామము నోరు విప్పి చెప్పిననాడే పరిశోధన ఫలము మన పల్లె బిడ్డకు అందును.